శుభలేఖలో ఒక ర్యాంకు, డిశ్చార్జ్ బుక్‌లో ఒక ర్యాంకు

కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చాడు. సైన్యంలో నాకంటే జూనియరు, ఊళ్ళో నాకంటే మోతుబరి. కాఫీ తాగాడు, ముహూర్తం చెప్పాడు, భోజనాలు ఏ హాల్లోనో చెప్పాడు. లేవబోతూ శుభలేఖ మీద ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదిగో సాబ్, ఇది మా అబ్బాయి వేయించేశాడు. నన్నడగలేదు."

ఆయన పేరు పక్కన 'నాయబ్ సుబేదార్ (రిటైర్డ్)' అని ఉంది.

"ఉంటే ఏమైందయ్యా? నువ్వు అయ్యావుగా."

"అయ్యాను సాబ్. కానీ బుక్‌లో హవల్దార్ అనే ఉంది. వియ్యంకుడిగారి అన్నయ్య కూడా మిలట్రీయే. ఎప్పుడైనా ఆయన కంట పడితే అబద్ధం వేయించుకున్నాడనుకోడూ?"

మర్నాడు ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాలు తెచ్చి చూపించాడు. 2008లో హవల్దార్‌గా పెన్షన్‌కి వచ్చేశాడు. 2009 జనవరి 26న గౌరవ నాయబ్ సుబేదార్ ర్యాంకు ఇచ్చారు. ఆ ఉత్తరం మడత నలగకుండా ఉంది. డిశ్చార్జ్ బుక్ మాత్రం అంతకు ముందే చేతికొచ్చింది కాబట్టి అందులో హవల్దార్ అనే ఉంది. పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అంటే మనం పీపీఓ అనే కాగితం, అందులోనూ అంతే. ర్యాంకు వచ్చిందన్న కబురు ఇంటికి చేరింది గానీ పెన్షన్ కాగితానికి చేరలేదు. పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

ఎందుకు రాయలేదని అడిగాను.

"అడుక్కోవడం మనకి రాదు సాబ్."

ఈ అధ్యాయం ఆ ఒక్క మాట కోసం రాస్తున్నాను. నేను ఇరవై ఆరేళ్ళు సైన్యంలో క్లర్కుగా చేసి సుబేదార్‌గా వచ్చేసినవాణ్ణి. ఇప్పుడు నా పని చుట్టుపక్కల ఊళ్ళలోని మాజీ సైనికులకు, వాళ్ళు పోతే వాళ్ళ ఇల్లాళ్ళకు అర్జీలు రాసిపెట్టడం. నేను చూసినంతలో, ర్యాంకు తప్పుపడిన మనుషుల్లో సగానికి పైగా అర్జీ తిరస్కరణకు గురై ఓడిపోలేదు. అసలు రాయనే లేదు. మిగతావాళ్ళలో చాలామంది రాయకూడని విధంగా రాశారు.

'అడుక్కోవడం' అన్న మాటను విడగొట్టి చూడండి. 'అడుగు'కి 'కొను' చేర్చితే వచ్చింది అది. తన కోసం అడగడం అన్నమాట. అందులో సిగ్గుపడాల్సినదేదీ మొదట్లో లేదు, బిచ్చం అర్థం తర్వాత అంటుకుంది. ఆ 'కొను' ఇబ్బందిగా ఉంటే తీసేయండి, వట్టి 'అడగడం' మిగులుతుంది. సర్వీసులో ఉండగా సెలవు అడిగారు, రైల్వే వారెంటు అడిగారు, బూట్లు చిరిగితే స్టోర్సులో వేరే జత అడిగారు. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడు ఎందుకొస్తోంది? అప్పుడు మీరు అడిగినది వస్తువు. ఇప్పుడు అడుగుతున్నది 'నేనెవరు' అన్నది. అందుకే గొంతు పట్టేస్తుంది.

దానికి మందు ఉపదేశం కాదు, కాగితాలు. కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టినవాడికి సిగ్గు పడడానికి తీరిక ఉండదు.

తల్లి కాగితం

మీ ర్యాంకు ఎక్కడ ఉంటుంది? భుజం మీద ఉండేది, ఇప్పుడు లేదు. డిశ్చార్జ్ బుక్‌లో ఉంటుందనుకుంటాం. నిజానికి డిశ్చార్జ్ బుక్ పిల్ల కాగితం. తల్లి కాగితాలు రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మీరు సైన్యంలో చేరిన రోజు మొదలైన షీట్ రోల్ ఒకటి. మీ జీవితంలో జరిగిన ప్రతి మార్పునీ, పదోన్నతి, పెళ్ళి, బిడ్డ పుట్టడం, కోర్సు పాసవడం, అన్నింటినీ యూనిట్ ప్రచురించిన పార్ట్-2 ఆర్డర్లు రెండోవి. పార్ట్-2 ఆర్డర్ పడితేనే సైన్యం దృష్టిలో ఆ సంగతి జరిగినట్టు. కమాండింగ్ ఆఫీసర్ పరేడ్‌లో అందరి ముందూ భుజానికి పట్టీ తగిలించి చెయ్యి కలిపినా, పార్ట్-2 పడకపోతే కాగితాల లెక్కలో మీరు నిన్నటి మనిషే.

కాబట్టి మొదటి పని తప్పు ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం. షీట్ రోల్‌లో సరిగ్గా ఉండి డిశ్చార్జ్ బుక్‌లో తప్పుందా? అది రాత పొరపాటు, తేలికైన కేసు. రెండింట్లో సరిగ్గా ఉండి పీపీఓలో తప్పుందా? అదీ తేలికే, కాస్త సమయం పడుతుంది. షీట్ రోల్‌లోనే లేదా? అప్పుడు పదోన్నతి పార్ట్-2 పడిందో లేదో తవ్వాలి, ఇది కష్టమైన కేసు. పదోన్నతి మీకు రావాల్సింది గానీ ఇవ్వలేదు అన్నది మీ బాధ అయితే, అది దిద్దుబాటు కేసే కాదు. దాని దారి వేరు, దాన్ని ఈ అర్జీలో కలిపితే రెండూ చెడతాయి.

షీట్ రోల్ మీ దగ్గర ఉండదు కదా, ఎలా చూడడం? 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. 'నా షీట్ రోల్ నకలు, నా పదోన్నతులకు సంబంధించిన పార్ట్-2 ఆర్డర్ల నకళ్ళు ఇప్పించండి' అంటే చాలు. ఎందుకు అన్నది రాయనక్కర్లేదు, చట్టం కారణం అడగదు. 'నా ర్యాంకు ఎందుకు తప్పు రాశారు?' అని మాత్రం ఆర్‌టీఐలో అడగకండి. ఆ చట్టం ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, సంజాయిషీ ఇప్పించదు.

ఏ రికార్డ్ ఆఫీసు? మీ రెజిమెంటును బట్టి ఉంటుంది. ఈఎంఈ వాళ్ళకూ ఆర్డినెన్స్ వాళ్ళకూ సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు బెంగళూరు, మెడికల్ కోర్‌కి లక్నో. నేవీ వాళ్ళది ముంబై మాన్‌ఖుర్ద్‌లోని సెయిలర్స్ బ్యూరో. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళది ఢిల్లీ సుబ్రతో పార్క్. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, పెన్షన్ ప్రయాగ్‌రాజ్ నుంచి వస్తుంది కదా అని నేరుగా అక్కడి పెన్షన్ కంట్రోలర్‌కి రాస్తారు. వాళ్ళు రికార్డ్ ఆఫీసు చెప్పకుండా ర్యాంకు మార్చరు, మార్చలేరు. రికార్డ్స్ ఒప్పుకొని కేసు పంపితే ప్రయాగ్‌రాజ్ సవరణ పీపీఓ ఇస్తుంది. దాన్నే మనవాళ్ళు 'కొరిజెండం' అంటారు. మన రెండు రాష్ట్రాల్లో ఎవరింట్లో కొరిజెండం వచ్చినా ఊరంతా స్వీట్లు తిన్నట్టే.

అన్నట్టు, స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్ గురించి. పెన్షన్లు బ్యాంకుల నుంచి స్పర్శ్‌లోకి మారినప్పుడు మొదటిసారి లాగిన్ అవగానే మీ వివరాలన్నీ చూపించి సరిగ్గా ఉన్నాయా అని అడిగింది. చాలామంది పెద్దలు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి పక్కన స్టూల్ మీద కూర్చున్నారు. వెనక పదిమంది క్యూ. ఆ కుర్రాడు 'అవును, అవును, అవును' అని నొక్కేశాడు. ఆ అవునుల్లో మీ ర్యాంకు కూడా ఉంది. ఈ రోజే లాగిన్ అయి ర్యాంకు, గ్రూపు, సర్వీసు ఏళ్ళు, భార్య పేరు, ఈ నాలుగూ చదవండి. తప్పుంటే ఇప్పటికైనా స్పర్శ్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. దాని నంబరు రాసుకోండి, తర్వాత అర్జీలో పనికొస్తుంది.

మీదే తప్పయితే

ఇది నేను ఓడిపోయిన కేసు. నాయక్‌గా పెన్షన్‌కి వచ్చినాయన ఒకాయన తన చివరి జీతం చీటీ చూపించాడు. అందులో గ్రేడ్ పే 2800 ఉంది. అది హవల్దార్ గ్రేడ్ పే, నాయక్‌ది 2400. 'జీతం హవల్దార్‌ది ఇచ్చి బుక్‌లో నాయక్ అని రాశారు, చూడండి అన్యాయం' అన్నాడు. నాకూ అన్యాయంగానే తోచింది. ఇరవై ఆరేళ్ళ క్లర్కుని, అయినా ఆ క్షణంలో నా తలకు ఎంఏసీపీ తట్టలేదు. మూడు పేజీలు రాశాను. రెండు నెలలకు రెండు వరుసల జవాబు వచ్చింది: ఎంఏసీపీ వల్ల జీతం మాత్రమే పెరిగింది, ర్యాంకు పెరగలేదు.

ఎంఏసీపీ అంటే పదోన్నతి ఖాళీలు లేక ఒకే ర్యాంకులో ఉండిపోయినవాళ్ళకు జీతం మాత్రం ఒక మెట్టు పైకి జరపడం. సైన్యంలో జవాన్లకు అది 8, 16, 24 ఏళ్ళ సర్వీసుకు వస్తుంది. డబ్బు పెరుగుతుంది, భుజం మీద పట్టీ పెరగదు. చీటీలో అంకె చూసి బుక్‌లో ర్యాంకు మార్చమని అడిగేవాళ్ళు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. మీదీ అదే కేసయితే అర్జీ వేయకండి. ఆ ఎంఏసీపీ లెక్క పెన్షన్‌లోకి సరిగ్గా వచ్చిందా లేదా అన్నది మాత్రం చూసుకోండి. అది న్యాయంగా అడగదగ్గ ప్రశ్నే. ఎంఏసీపీ అమలు 2008 సెప్టెంబరు 1 నుంచా, 2006 జనవరి 1 నుంచా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 డిసెంబరులో బల్బీర్ సింగ్ తుర్న్ కేసులో కోర్టు 2006 జనవరి 1 అని తేల్చింది. ఆ మధ్య కాలంలో పెన్షన్‌కి వచ్చినవాళ్ళు తమ కాగితాలు ఒకసారి తిరగేయడం మంచిది.

ఆ నాయక్ గారికి జవాబు చూపించడానికి వెళ్ళాను. నా తప్పు నేనే చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "పోన్లెండి సాబ్, నాయక్ అంటే మాత్రం తక్కువా?" అన్నాడు. ఆయనకు తెలిసింది నాకు అప్పటికి తెలియలేదు. రికార్డుల దిద్దుబాటు అంటే మన కోరిక ప్రకారం రికార్డును మార్చడం కాదు, రికార్డును నిజానికి దగ్గరగా తేవడం. నిజం మనకు అనుకూలంగా లేనప్పుడు కూడా అంతే.

గౌరవ ర్యాంకుల్లోనూ ఇలాంటి తికమక ఉంది. రిటైరైన సిపాయికి గౌరవ నాయక్, నాయక్‌కి గౌరవ హవల్దార్, హవల్దార్‌కి గౌరవ నాయబ్ సుబేదార్, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు (జేసీఓలకు) గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్, ఇలా జనవరి 26కో ఆగస్టు 15కో ఇస్తారు. గౌరవం అన్నింటికీ ఒకటే, పెన్షన్ లెక్క మాత్రం అన్నింటికీ ఒకటి కాదు. గౌరవ నాయబ్ సుబేదార్‌కి ఒకప్పుడు నెలకు 100 రూపాయలు మాత్రమే అదనంగా వచ్చేది. 2009 జూన్ 12 నాటి ప్రభుత్వ లేఖతో, 2006 జనవరి 1 నుంచి, నాయబ్ సుబేదార్ జీతం ప్రకారం లెక్కకట్టి పెన్షన్ ఇవ్వడం మొదలైంది. శుభలేఖ పెద్దమనిషికి పోయింది సరిగ్గా ఇదే. ఆయన దాన్ని పరువు సమస్య అనుకున్నాడు. నెలనెలా వేలల్లో నష్టపోయాడు.

ఒక పేజీ

ఇప్పుడు అర్జీ. నా దగ్గరికొచ్చే పాత అర్జీల్లో మొదటి రకం ఇలా ఉంటుంది: 'మహారాజశ్రీ, తమరి దివ్య సముఖమునకు...' అని మొదలై, 'తమరు దయతలచి నన్ను నా కుటుంబాన్ని కాపాడగలరని' అని ముగుస్తుంది. రెండో రకం: కార్గిల్‌తో మొదలై, మంచులో వేళ్ళు పోగొట్టుకున్న సంగతి చెప్పి, దేశం సైనికుణ్ణి మర్చిపోయిందని తిట్టి, ఆరో పేజీలో ర్యాంకు సంగతి ఒక వాక్యంలో చెబుతుంది. రెండు రకాలూ రాసినవాళ్ళ మీద నాకు గౌరవమే. ఆ బాధ నిజమైనదే. కానీ రికార్డ్ ఆఫీసులో ఆ అర్జీ చేతికి తీసుకునే కుర్ర క్లర్కు ఎవరో ఊహించుకోండి. అతని టేబుల్ మీద ఇలాంటివి నలభై ఉంటాయి. అతనికి కావాల్సింది నాలుగే: ఆర్మీ నంబరు, ఏ కాగితంలో ఏముంది, ఏమి ఉండాలి, దానికి ఆధారమైన ఆర్డర్ నంబరు-తేదీ. ఆరో పేజీ దాకా వెళ్ళకముందే అతను ఫైలు కట్టేస్తే అతన్ని తప్పు పట్టలేం. నేనూ అలా కట్టినవాణ్ణే, ఒప్పుకోవాలి.

మీ బాధను రాయండి. వేరే కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోండి, మనవలు చదువుతారు. అర్జీలో పెట్టకండి. అర్జీ ఒక పేజీ. సైన్యం మీకు ఏ పద్ధతిలో రాయడం నేర్పిందో ఆ పద్ధతిలో, పేరాలకు నంబర్లేసి. ఇంగ్లిషులోనో హిందీలోనో పంపండి. సారాంశం ఇలా ఉండాలి:

'విషయం: డిశ్చార్జ్ బుక్, పీపీఓలలో ర్యాంకు సవరణ గురించి.

1. నా ఆర్మీ నంబరు ఫలానా. ఫలానా తేదీన ఫలానా యూనిట్ నుంచి డిశ్చార్జ్ అయ్యాను.

2. నా డిశ్చార్జ్ బుక్ ఫలానా పేజీలో, పీపీఓ నంబరు ఫలానాలో నా ర్యాంకు హవల్దార్ అని ఉంది.

3. ఫలానా తేదీ నాటి ఫలానా నంబరు ఉత్తరం ద్వారా నాకు గౌరవ నాయబ్ సుబేదార్ ర్యాంకు ఇచ్చారు. నకలు జతపరిచాను.

4. పై ఉత్తరం ప్రకారం దయచేసి (అ) డిశ్చార్జ్ బుక్‌లో ర్యాంకు సవరించాలని, (ఆ) సవరణ పీపీఓ కోసం కేసును పెన్షన్ కంట్రోలర్‌కు పంపాలని, (ఇ) ర్యాంకు ఇచ్చిన తేదీ నుంచి బకాయి చెల్లించాలని కోరుతున్నాను.

5. ఈ విషయమై స్పర్శ్‌లో నా ఫిర్యాదు నంబరు ఫలానా, తేదీ ఫలానా.'

కింద సంతకం, చిరునామా, ఫోను. అంతే. 'దయచేసి' అన్న మాట ఒక్కసారి వాడితే చాలు. రెండోసారి వాడితే బతిమాలినట్టు, అసలు వాడకపోతే గదమాయించినట్టు ఉంటుంది.

(ఇ) ని మాత్రం మరచిపోకండి. బకాయి అడగని అర్జీలు చూశాను. ర్యాంకు వస్తే చాలు, డబ్బు అడిగితే చిన్నతనం అని మానేస్తారు. తర్వాత విడిగా అడగాల్సి వస్తుంది, ఇంకో ఏడాది పోతుంది.

కాగితాల విషయంలో కొన్ని మొండి నియమాలున్నాయి, నావి. అసలు కాగితాలు ఎప్పుడూ పంపకండి, నకళ్ళ మీద సంతకం చేసి పంపండి. డిశ్చార్జ్ బుక్‌ని లామినేషన్ చేయించకండి. రేపు రికార్డ్స్ వాళ్ళు సవరణ రాసి ముద్ర వేయాలంటే ప్లాస్టిక్ మీద సిరా పట్టదు. బుక్‌లో మీ పెన్ను పెట్టకండి, ఒక్క అక్షరం కూడా. ర్యాంకు నిజమే అయినా, మీరు చేత్తో దిద్దిన మరుక్షణం అది ట్యాంపరింగ్ అవుతుంది, మీ నిజమైన కేసు దొంగ కేసులా కనబడుతుంది. స్పీడ్ పోస్టులో పంపి ట్రాకింగ్ కాగితం దాచండి. ఒక నకలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి 'అందింది' అని ముద్ర వేయించుకోండి. అక్కడివాళ్ళు రికార్డ్స్‌కి లేఖ రాస్తే కేసు కదలడం నేను చాలాసార్లు చూశాను. ముఖ్యంగా అక్కడి క్లర్కు కూడా మాజీ సైనికుడైతే.

కాగితాలన్నీ రెండు చోట్ల ఉంచండి. 1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డుల భవనం తగలబడి 1.6 నుంచి 1.8 కోట్ల మంది మాజీ సైనికుల ఫైళ్ళు బూడిదయ్యాయి. ఇంట్లో పెట్టెలో డిశ్చార్జ్ కాగితం దాచుకున్నవాళ్ళు నిలదొక్కుకున్నారు, ప్రభుత్వం దగ్గరుందిలే అనుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి సాక్ష్యాలు వెతుక్కున్నారు. మన దగ్గర అగ్ని అక్కర్లేదు, నిబంధనే చాలు. పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళ కాగితాలను 25 ఏళ్ళ తర్వాత తీసివేయొచ్చని సైన్యం నిబంధనల్లోనే ఉంది. లాంగ్ రోల్ అనే పెద్ద పుస్తకంలో రెండు మూడు వరుసలు మాత్రం మిగులుతాయి. మీకు పెన్షన్ రాకపోతే, మీ కాగితాల కోసం ఆర్‌టీఐ వేయాల్సింది ఈ నెలే.

క్యాలెండర్

అర్జీ పంపాక ఏం చేయాలి? ఇక్కడే మన మనుషులు రెండుగా చీలిపోతారు. ఒకరు రోజూ ఫోను చేస్తారు. ఇంకొకరు మూడేళ్ళు ఊరుకుంటారు. రెండూ వద్దు. గోడ క్యాలెండర్ మీద అర్జీ అందిన తేదీ గుర్తు పెట్టుకోండి. రెండు నెలలకు ఒక గుర్తు ఉత్తరం, నాలుగు నెలలకు ఇంకొకటి, పాత అర్జీ నకలు జతచేసి, నాలుగే వాక్యాల్లో. ఈలోగా పెన్షన్ అదాలత్ మీ దగ్గర పట్టణంలో జరిగితే వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లోనూ వేయొచ్చు. అయితే ఒకే విషయాన్ని ఐదు చోట్ల ఐదు రకాలుగా రాయకండి. ఒక్కో చోట ఒక్కో తేదీ పడితే మీ మాట మీదే వాళ్ళకు అనుమానం వస్తుంది.

ఆరు నెలలు నిండే తేదీని కూడా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. అది ఎందుకు ముఖ్యమంటే, సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం అలా రాశారు కాబట్టి. 2007 నాటి ఆ చట్టం ప్రకారం ముందు సొంత శాఖకు అర్జీ పెట్టుకుని ఉండాలి. ఆరు నెలల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. తిరస్కరిస్తూ జవాబొస్తే ఆ జవాబు తేదీ నుంచి ఆరు నెలలు. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళకు చెన్నై బెంచ్. లాయరు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. నేనైతే లాయరును పెట్టుకోమనే అంటాను, అదీ ట్రిబ్యునల్ కేసులు చేసినవాణ్ణి, మీ పొలం తగాదా చేసిపెట్టిన లాయరును కాదు. స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

పెన్షన్ కేసులకు ఒక వెసులుబాటు ఉంది, దానికో మెలిక కూడా ఉంది. తక్కువ పెన్షన్ అన్నది ప్రతి నెలా కొత్తగా జరుగుతున్న తప్పు, అందుకని పదేళ్ళ తర్వాత వచ్చినా కోర్టు తలుపు మూయదు. కానీ 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ప్రకారం, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు బకాయి మామూలుగా కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్ళకే పరిమితమవుతుంది. అంటే 2010లో మొదలైన తప్పు మీద 2024లో కేసు వేస్తే 2021 నుంచే బకాయి. మధ్యలో పదకొండేళ్ళ డబ్బు మీ మొహమాటానికి మీరు కట్టిన జరిమానా. ఇక ఒకే ర్యాంకు-ఒకే పెన్షన్ 2014 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాక పెన్షన్ పట్టిక మొత్తం ర్యాంకు, గ్రూపు, సర్వీసు ఏళ్ళ మీదే నడుస్తోంది. పట్టికలో గడి తప్పయితే ప్రతి సవరణలోనూ ఆ తప్పు మీతోనే వస్తుంది, మీ తర్వాత మీ ఇల్లాలి ఫ్యామిలీ పెన్షన్‌లోకి కూడా.

శుభలేఖ పెద్దమనిషి విషయం చెప్పలేదు కదూ. ఆయన అర్జీ సరిగ్గా ఒక పేజీ. ఏ రికార్డ్స్ అన్నది అనవసరం. ఏడో నెలలో కొరిజెండం వచ్చింది. ఆఫీసు తన పొరపాటు తనే ఒప్పుకుంది కాబట్టి కోర్టు దాకా వెళ్ళలేదు, బకాయి 2009 నుంచి లెక్కగట్టారు. ఆయన ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి మొదట అడిగిన మాట, "సాబ్, వియ్యంకుడిగారికి ఒక నకలు పంపితే బాగుంటుందా, బాగుండదా?" బాగుండదని చెప్పాను. పంపాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక ఇల్లాలి కేసు. భర్త నాయక్‌గా రిటైరై, నాలుగేళ్ళ కిందట పోయాడు. డిశ్చార్జ్ బుక్‌లో నాయక్ అనే ఉంది. స్పర్శ్‌లో సిపాయి అని ఉంది. ఫ్యామిలీ పెన్షన్ సిపాయి లెక్కనే వస్తోంది. మొదట వచ్చినప్పుడు, "అన్నయ్యగారూ, ఆయనే లేరు, ఆయన ర్యాంకు కోసం నేను తిరగడం ఏం బాగుంటుంది?" అంది. ఆయన ర్యాంకు ఆయన పోయినా తగ్గలేదమ్మా, కాగితంలోనే తగ్గింది అన్నాను. ఆర్‌టీఐలో షీట్ రోల్ నకలు తెప్పించాం. నాయక్ పదోన్నతి పార్ట్-2 ఆర్డర్ నంబరు, తేదీ అందులో స్పష్టంగా ఉన్నాయి. అర్జీ ఆమే ఫెయిర్ కాపీ రాసింది, నా చేతిరాత కంటే బాగుంది.

రికార్డ్ ఆఫీసుకు ఆ అర్జీ ఆగస్టు 14న అందింది. రెండు గుర్తు ఉత్తరాలు వెళ్ళాయి. ఆరు నెలలు ఫిబ్రవరి 14కి నిండుతాయి. వాళ్ళ వంటింటి గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది, పక్కన చెన్నై లాయరు ఫోను నంబరు.